డాక్టర్ సలహా: మద్యం ముట్టని నాకు ఫ్యాటీ లివర్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నా వయసు 46, బరువు 78 కిలోలు. దేవరకొండలో ఎరువుల దుకాణం నడుపుతున్నాను, రోజంతా కూర్చొనే పని. మద్యం, కల్లు ఎప్పుడూ ముట్టలేదు. కడుపు ఉబ్బరంగా ఉందని స్కానింగ్ చేయిస్తే గ్రేడ్-2 ఫ్యాటీ లివర్ అన్నారు. కాలేయ రక్తపరీక్షల్లో ఎస్‌జీఓటీ 52, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 1.75 లక్షలు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చాయి. ఆరు నెలలుగా నూనె, నెయ్యి పూర్తిగా మానేసి లివర్ టానిక్ తాగుతున్నా రెండో స్కానింగ్‌లోనూ గ్రేడ్-2 అనే వచ్చింది. మా పెద్దనాన్న కూడా తాగుడు అలవాటు లేకుండానే లివర్ చెడిపోయి చనిపోయారు. అమెరికాలో కొత్త మందులు వచ్చాయని తమ్ముడు అంటున్నాడు. పసరు మందు వాడమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నేనేం చేయాలి? - ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: స్కానింగ్‌లో కాలేయం ఎంత తెల్లగా మెరుస్తోందో కంటితో చూసి గ్రేడ్ వేస్తారు. అది కొవ్వు ఉందని చెబుతుందే తప్ప, ఆ కొవ్వు వల్ల కాలేయంలో మచ్చలు పడి గట్టిపడిందా, అంటే ఫైబ్రోసిస్ మొదలైందా అన్నది చెప్పదు. ఈ జబ్బు ఉన్నవారి భవిష్యత్తును నిర్ణయించేది ముఖ్యంగా ఈ ఫైబ్రోసిసే అని ఏళ్ల తరబడి రోగులను గమనించిన పరిశోధనలు తేల్చాయి. అందువల్ల మీ ఉత్తరం చదివిన వెంటనే నేను గ్రేడ్‌ను పక్కన పెట్టి, మీరు రాసిన అంకెలతో ఫిబ్-4 లెక్క వేశాను. వయసు, రక్తపరీక్షల అంకెలతో ఫైబ్రోసిస్ అవకాశాన్ని అంచనా వేసే స్కోరు ఇది. వయసు 46ను ఎస్‌జీఓటీ 52తో గుణిస్తే 2392 వస్తుంది. ప్లేట్‌లెట్లను వేలల్లో చెప్పే అంకె 175ను ఎస్‌జీపీటీ 81కి వర్గమూలమైన 9తో గుణిస్తే 1575 వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మీ స్కోరు 1.52. ఇది 1.3 కంటే తక్కువ ఉంటే తీవ్రమైన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువని, 2.67 దాటితే అనుమానం బలమైనదని భావిస్తాం. మీది ఈ రెండింటి మధ్య ఉంది కాబట్టి భయపడనవసరం లేదు, అలాగని వదిలేయనూ కూడదు. హైదరాబాద్ వెళ్లి ఒక్కసారి ఫైబ్రోస్కాన్, అంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగ్, చేయించుకోండి. మూడు గంటలు ఏమీ తినకుండా వెళితే చాలు, నొప్పి ఉండదు. ఫలితం 8 కిలోపాస్కల్స్ (గట్టిదనాన్ని చెప్పే కొలమానం) లోపు ఉంటే నిశ్చింతగా ఆహారం, వ్యాయామాల మీద దృష్టి పెట్టవచ్చు. అంతకు మించితే, ముఖ్యంగా 12 దాటితే, కాలేయ వైద్య నిపుణుల పర్యవేక్షణలో ఉండాలి.

ఇక నూనె, నెయ్యి మానినా కొవ్వు ఎందుకు తగ్గలేదన్న మీ సందేహానికి 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో మంచి సమాధానం ఉంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారి కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపట్టగలిగే అణువులను వారికి ఇచ్చి పరిశీలించగా, దాదాపు 60 శాతం ఒంట్లో, ముఖ్యంగా పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు కరిగి రక్తం ద్వారా చేరిందని, పావు వంతు పిండి పదార్థాలు, చక్కెరల నుంచి కాలేయం స్వయంగా తయారు చేసుకున్నదని, నేరుగా తిన్న కొవ్వు నుంచి వచ్చింది 15 శాతమేనని తేలింది. మీరు మానేసింది ఆ 15 శాతాన్ని. మూడు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం, దుకాణంలో నాలుగైదుసార్లు చక్కెర టీ సాగుతుంటే, నూనె లేని కూర తిన్నా ఫలితం కనిపించదు. మీ హెచ్‌బీఏ1సీ 6.3 అంటే షుగర్ గడప దాకా వచ్చారు. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఒంట్లోని కొవ్వు అదుపు లేకుండా కరిగి కాలేయానికి చేరుతుంది. ఈ సంబంధం స్పష్టమయ్యాకే 2023లో నిపుణులు ఈ జబ్బు పేరులోంచి మద్యం ప్రస్తావనను తీసేసి, జీవక్రియల లోపం వల్ల వచ్చేదిగా కొత్త పేరు పెట్టారు. వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేస్తుందని 2008లో గుర్తించారు. పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచీ) 25 కంటే తక్కువే ఉంది. లావుగా ఉన్నవారికే ఈ జబ్బు వస్తుందన్న నమ్మకం మన దేశానికి సరిపోదు.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. 2024 మార్చిలో రెస్మెటిరోమ్ అనే మందుకు, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్ అనే మందుకు అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి లభించింది. అయితే ఇవి కాలేయంలో వాపుతో పాటు మధ్యస్థ లేదా తీవ్ర ఫైబ్రోసిస్ ఉండి, ఇంకా సిర్రోసిస్ (కాలేయమంతా మచ్చలతో గట్టిపడిపోయే చివరి దశ) రానివారికి మాత్రమే. రెస్మెటిరోమ్ పరీక్షల్లో 966 మందికి ఏడాది పాటు మందు లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, మందు వాడినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 14 శాతం మందికి ఫైబ్రోసిస్ ఒక దశ తగ్గింది. దీని పక్కన క్యూబాలో 293 మందిపై మందులు లేకుండా, ఆహారం, నడకలతోనే ఏడాది పాటు జరిపి 2015లో వెలువరించిన అధ్యయనాన్ని పెట్టి చూడండి. పది శాతం బరువు తగ్గినవారిలో 90 శాతం మందికి కాలేయ వాపు పోయింది, 45 శాతం మందికి ఫైబ్రోసిస్ తగ్గింది. అంత బరువు తగ్గగలిగినవారు 29 మందేనన్న సంగతీ చెప్పాలి. అది తేలిక కాదని నాకు తెలుసు, అయినా మీకు నేను రాసే మొదటి మందు అదే. ఏడు శాతం, అంటే ఐదున్నర కిలోలు తగ్గినా వాపు తగ్గే అవకాశం బాగా పెరుగుతుంది. ఆరేడు నెలల్లో నెమ్మదిగా తగ్గండి, ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గితే కాలేయానికే చేటు. అన్నం ఇప్పుడు తినేదాంట్లో సగానికి దించి, ఆ జాగాలో పప్పు, ఆకుకూరలు, గుడ్డు లేదా చేప పెట్టుకోండి. జొన్నరొట్టె మంచిదే కానీ నాలుగు తింటే అదీ పిండి పదార్థమే, ఒకటి రెండు చాలు. రోజూ ముప్పావు గంట వేగంగా నడవండి. లివర్ టానిక్ మానేసినా మీకు పోయేదేమీ లేదు.

పసరు మందు మాత్రం వద్దు, ఈ విషయంలో మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. మన జిల్లాల్లో కామెర్లకు పసరు పోయించుకుని బాగయ్యామనేవారు ఊరూరా కనిపిస్తారు. వారిలో చాలామందికి వచ్చింది కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ. అవి చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకు దక్కుతుంది. కరోనా కాలంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను మన దేశంలోని వైద్యులు 2022లో ప్రచురించారు. ఇప్పటికే కొవ్వు పట్టిన కాలేయంపై అలాంటి ప్రయోగం చేయకండి.

మీ పెద్దనాన్న గారి విషయం నన్ను ఆలోచింపజేసింది. తాగని వారికి సిర్రోసిస్ రావడానికి ఫ్యాటీ లివర్‌తో పాటు హెపటైటిస్-బి, సి వైరస్‌లు ప్రధాన కారణాలు. ఫైబ్రోస్కాన్‌కు వెళ్లేముందే వీటిని గుర్తించే హెచ్‌బీఎస్ఏజీ (బి వైరస్‌కు), యాంటీ హెచ్‌సీవీ (సి వైరస్‌కు) రక్తపరీక్షలు చేయించండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం. సి వైరస్‌ను సాధారణంగా 12 వారాల మాత్రలతో పూర్తిగా నయం చేయగలుగుతున్నాం. బి వైరస్‌ను అదుపులో ఉంచే మందులున్నాయి. ఒకవేళ మీకు బి ఉన్నట్టు తేలితే భార్యాపిల్లలు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోవాలి. ఆరు నెలల తర్వాత బరువు, ఎస్‌జీపీటీ, హెచ్‌బీఏ1సీ మళ్లీ చూపించుకోండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, కాళ్లు, పొట్ట వాచినా, రక్తపు వాంతులైనా, మలం తారులా నల్లగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.