ఎక్స్‌రే రిపోర్టులోని విచ్ఛిన్నత, గణితంలోని విచ్ఛిన్నత ఒకటేనా?

ఎక్స్‌రే రిపోర్టులో డాక్టర్లు రాసే ‘డిస్‌కంటిన్యుటీ’కీ, అంటే ఎముక అంచుగీత తెగడానికీ, డిగ్రీ గణితంలో చదివే విచ్ఛిన్నతకూ, అంటే ప్రమేయం (ఫంక్షన్) ఒక బిందువు దగ్గర తెగడానికీ సంబంధం ఉందా అని మీరు అడిగారు. మాట కలిసినంత మాత్రాన భావం కలవాలని లేదు గాని, ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికమే ఉందని నా కుడి మణికట్టు విరిగినప్పుడు తెలిసివచ్చింది.

నేను అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు గణితం బోధిస్తాను. కొన్నేళ్ల క్రితం, వాన వెలిసిన ఒక సాయంత్రం టవర్ క్లాక్ దగ్గర స్కూటర్ జారి, అరచేయి నేలకు ఆనించి పడ్డాను. ఆసుపత్రిలో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రేలు తీసి, ఎముక అంచుగీత ఎక్కడా తెగలేదు కనుక బెణుకేనని పంపించారు. పన్నెండు రోజులు గడిచినా సుద్దముక్క పట్టుకోలేకపోయాను. బొటనవేలి మొదట్లో ఉండే పల్లంలో నొక్కితే ప్రాణం పోయినట్లుండేది. మరో డాక్టరు గారు చేతిని ఏటవాలుగా తిప్పించి మూడో ఫిల్మ్ తీయించగా, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక నడుమ వెంట్రుకంత నల్లగీత కనబడింది. ఈ పగులు తొలిరోజు ఫిల్ములో దొరకకపోవడం మామూలే కాబట్టి, అనుమానముంటే కట్టు వేసి పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీస్తారు. ఆ మాట మొదటిచోట చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

ఆ ఫిల్మ్ చూడగానే తరగతిలో ఏటా చెప్పే ఉదాహరణ గుర్తొచ్చింది. ఎక్స్, వై చలరాశుల లబ్ధాన్ని వాటి వర్గాల మొత్తంతో భాగించే ప్రమేయాన్ని తీసుకుని, రెండక్షాలు కలిసే మూలబిందువు వద్ద దాని విలువ సున్నా అని నిర్వచించామనుకోండి. ఎక్స్ అక్షం మీదుగా మూలబిందువుకు వచ్చినా, వై అక్షం మీదుగా వచ్చినా విలువ సున్నాయే. అంతటితో అవిచ్ఛిన్నమని తేల్చేస్తే పొరపాటే, ఎందుకంటే రెండక్షాల నడుమ 45 డిగ్రీల గీత వెంట వస్తే విలువ దారి పొడవునా 1/2 గానే ఉంటుంది. ఏ దారిన వచ్చినా విలువ ఒకే సంఖ్యకు చేరువైతేనే దాన్ని అవధి అంటాం కనుక అక్కడ అవధే లేదు, ప్రమేయం విచ్ఛిన్నమే. రెండు ఫిల్ముల్లో దొరకని పగులు ఏటవాలు ఫిల్ములో దొరికినట్లే ఇదీ. ఒకే చలరాశి ఉన్నప్పుడు కుడి, ఎడమ అని రెండు వైపులే ఉంటాయి కాబట్టి ఇంటర్ పిల్లలకు ఈ చిక్కు ఎదురుకాదు.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. గణితంలో తొలగించదగిన విచ్ఛిన్నతను (అవధి ఉండి, ఆ బిందువు వద్ద విలువ మాత్రమే దానితో సరిపోనిదాన్ని) సైతం ఆ బిందువు వద్ద విలువ మార్చి మనమే పూడ్చాలి. ఎముక తనంతట తానే పూడుకుంటుంది. స్కాఫాయిడ్‌కు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి అందుతుంది కనుక ముంజేతి వైపు పగులు అతకడం ఆలస్యమవుతుంది. నాది నడుమ పగులు కావడంతో పది వారాల కట్టుతో అతికింది.