నెల్లూరు ఎండలకు కుండీలో కొత్తిమీర అంత తొందరగా పూతకు ఎందుకొస్తుంది?

వేడి పెరిగి, పగలు పొడవైతే కొత్తిమీర ఆకు వేయడం తగ్గించి గింజ కట్టే పనిలో పడుతుంది, పూత అందుకే. ఇది చలికాలపు మొక్క. కావలిలో నవంబరులో చల్లిన ధనియాలు నెలన్నరకల్లా వెడల్పాటి ఆకుతో కోతకొస్తాయి. అవే ఏప్రిల్‌లో చల్లితే నాలుగాకులు వేసేలోపే నడిమి కాడ పైకి లేస్తుంది, కొత్త ఆకులు సోంపాకులా దారాల్లా సన్నబడతాయి. ఎరువు చాల్లేదనో, విత్తనం మంచిది కాదనో చాలామంది అనుకుంటారు. కాదు. పూత తుంచినా మళ్లీ వెడల్పాకు రాదు. మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టి, మట్టి ఆరనివ్వకపోతే కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. పూసిన మొక్కను మాత్రం పీకేయకండి. పచ్చి ధనియాలు దంచి చారులో వేస్తే ఆ వాసనే వేరు!