కోర్టులో విన్న కేసును నవలగా రాయొచ్చా?

ప్రశ్న: నేను జిల్లా కోర్టులో జూనియర్ లాయర్‌ని. అమెరికన్ రచయిత జాన్ గ్రిషమ్ నవల ‘ఎ టైమ్ టు కిల్’ చదివాక, మా సీనియర్ వాదించిన ఒక పోక్సో కేసు (పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింది కేసు) ఆధారంగా నవల మొదలుపెట్టాను. పేర్లు మారిస్తే సరిపోతుందా? అచ్చువేస్తామన్నవాళ్లు ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ రాసివ్వమంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

జవాబు: పేర్లు మారిస్తే సరిపోదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ప్రకారం బాధితురాలు ఎవరో తెలిసిపోయేలా ఏది ప్రచురించినా నేరమే, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఊరు, బడి, తండ్రి చేసే పని, ఇవి కలిస్తే చాలు, ఆ వీధిలో వాళ్లు పాపను గుర్తుపట్టేస్తారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారన్నా కుదరదు. బాధితురాలు మైనరైతే, దగ్గరి బంధువులు ఆ అనుమతిని గుర్తింపు పొందిన సంక్షేమ సంస్థల బాధ్యులకే ఇవ్వగలరు, రచయితకు కాదు. పైగా అది మీ ఆఫీసు కేసు. క్లయింటు మీకు నమ్మి చెప్పిన మాట కేసు ముగిసినా బయటపెట్టకూడదు.

మీకు నచ్చిన ఆ నవల పుట్టిన తీరు చూడండి. 1984లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, డిసోటో కౌంటీ కోర్టులో పన్నెండేళ్ల పాప తనపై జరిగిన అత్యాచారం గురించి చెబుతుంటే గ్రిషమ్ విన్నాడు. అప్పటికి ఆయనా లాయరే. ‘ఆ దుర్మార్గుల్ని కన్నతండ్రే చంపేసి ఉంటే?’ అనే ఆలోచన ఆయన్ని వదల్లేదు. తెల్లవారుజామున లేచి మూడేళ్లు రాశాడు. విన్న కేసును రాయలేదు, జరగని కేసును రాశాడు. క్లాంటన్ అనే ఊరినీ, ఫోర్డ్ కౌంటీనీ కల్పించుకున్నాడు. మీరూ ఆ దారినే వెళ్లండి. మీ మనసును పట్టి కుదిపిన బాధను ఉంచుకోండి, సంఘటనలన్నీ వదిలేయండి.

ఇక హక్కుల సంగతి. సంతకం పెట్టకండి. గ్రిషమ్ రాసిన ఆ నవలను ఎన్నో ప్రచురణ సంస్థలు తిప్పిపంపాయి. 1989లో విన్‌వుడ్ ప్రెస్ అనే చిన్న సంస్థ 5,000 ప్రతులు వేస్తే అందులో 1,000 ఆయనే కొన్నాడు. 1991లో ఆయన రెండో నవల ‘ది ఫర్మ్’ విజయం సాధించాక జనం మొదటి పుస్తకం కోసం వెతికారు. 1996లో ఆ మొదటి పుస్తకం సినిమాగా వచ్చింది. ఒక పుస్తకం తలరాత ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టే ‘శాశ్వతంగా’ అన్న మాట నాకు భయం పుట్టిస్తుంది.

మన కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే రాసిచ్చిన హక్కు ఐదేళ్లే చెల్లుతుంది. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడుకోకపోతే అది రద్దవుతుంది. కానీ ఒప్పందంలో వేరేలా రాసుకుంటే ఈ రెండు రక్షణలూ పోతాయి. తెలుగులో అచ్చు హక్కు మాత్రం ఐదేళ్లకు ఇవ్వండి, రాయల్టీ ఎంతో రాయించండి. సినిమా, వెబ్ సిరీస్, ఆడియో, అనువాదం మీ దగ్గరే ఉంటాయని విడివిడిగా పేర్కొనండి.

ఒప్పంద పత్రంతో పాటు రాతప్రతిని కూడా ముందు మీ సీనియర్‌గారికి చూపించండి. క్లయింటు రహస్యం ఎక్కడైనా దొర్లిందేమో ఆయనకే తెలుస్తుంది.