టెక్ సందేహాలు: నీరు కారని లీకు

ప్రశ్న: నేల మీద నిలబెట్టే ఈత కొలను అమర్చుకున్నాం. స్కిమ్మర్ (నీటి పైన తేలే చెత్తను లాగే డబ్బా) నుంచి పంపు దాకా ఒకటిన్నర అంగుళాల పైపు నేనే వేశాను. పంపు నడుస్తున్నంతసేపూ, నీరు కొలనులోకి తిరిగొచ్చే చోట బుడగలు వస్తున్నాయి. జాయింట్లన్నీ తడిమి చూశాను, ఎక్కడా చుక్క కారడం లేదు. చెత్త బుట్ట శుభ్రం చేద్దామని పంపు మూత తీస్తే నీరు ఆగకుండా పొంగుతోంది. వాల్వులు ఎక్కడెక్కడ పెట్టాలి?

జవాబు: ముందు మూత సంగతి. బావి మోటారుకు నీరు కింద ఉంటుంది, ఆపగానే జారిపోకుండా ఫుట్ వాల్వు వేస్తాం. మీ కొలనులో నీరు పంపు కంటే సుమారు ఒక మీటరు ఎత్తున ఉంది. దానంతట అదే వచ్చి పంపులో నిండుతుంది. కాబట్టి ఫుట్ వాల్వుతో పని లేదు, నీటిని కట్టేసే వాల్వులు కావాలి. ఒకటి స్కిమ్మర్‌కూ పంపుకూ మధ్య, రెండోది ఫిల్టరు దాటాక తిరుగు పైపులో. చాలామంది మొదటిది పెట్టి రెండోది మరిచిపోతారు. తిరుగు ద్వారం కూడా నీటిమట్టానికి కిందే ఉంటుంది. మొదటిది కట్టేసినా నీరు ఫిల్టరు మీదుగా వెనక్కి వచ్చి మూత దగ్గర పొంగుతుంది.

రెండు చోట్లా బాల్ వాల్వులే వేయండి. పూర్తిగా తెరిస్తే అవి నీటికి దాదాపు అడ్డు రావు. వాల్వుకూ పంపుకూ మధ్య యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) ఉంటే, పంపు మార్చాల్సి వచ్చినప్పుడు పైపు కోయనక్కర్లేదు. ఒక్క వరుస మాత్రం తప్పకండి: ఆపేటప్పుడు ముందు మోటారు, తర్వాత వాల్వులు, మొదలుపెట్టేటప్పుడు ముందు వాల్వులు, తర్వాత మోటారు. వాల్వు మూసి ఉండగా పంపు తిరిగితే లోపలి నీరు వేడెక్కి, ఇరుసు చుట్టూ నీరు కారకుండా ఆపే షాఫ్టు సీలు పాడవుతుంది.

ఇక బుడగలు. మీరు పంపు నడుస్తుండగా వెతికారు, అందుకే తడి దొరకలేదు. నడుస్తున్నప్పుడు పైపు రాపిడికీ వంపులకూ పోయే ఒత్తిడి, ఆ మీటరు ఎత్తు ఇచ్చే ఒత్తిడిని మించితే పీల్చే పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గిపోతుంది. సందు ఉంటే నీరు బయటకు రాదు, గాలి లోపలికి పోతుంది. స్కిమ్మర్ బుట్టలో ఆకులు నిండినప్పుడు బుడగలు పెరుగుతున్నాయేమో గమనించండి. పెరిగితే లీకు పీల్చే వైపే ఉన్నట్టు. అలాగే నీటిమట్టం స్కిమ్మర్ మూతికి సగం ఎత్తులో ఉందో లేదో చూడండి. తక్కువైతే అక్కడే సుడి తిరిగి గాలి పోతుంది.

ఇప్పుడు మోటారు ఆపి, వాల్వులు తెరిచే ఉంచి, అరగంట ఆగండి. అదే సందులోంచి ఈసారి నీరు బయటకు చెమరుస్తుంది. పొడి కాగితం ముక్కను ఒక్కో జాయింటు చుట్టూ తిప్పితే తడి ఎక్కడో తెలిసిపోతుంది. అప్పుడూ దొరకకపోతే పంపు నడుపుతూ, అనుమానమున్న చోట గడ్డం గీసుకునే నురగ పూయండి. లీకు ఉన్నచోట నురగ గుంటపడి లోపలికి పోతుంది.

నా అనుభవంలో మొదటి దోషి పంపు మూత కింది ‘ఓ-రింగు’, అంటే గుండ్రటి రబ్బరు చుట్ట. ఒకసారి రెండు సాయంత్రాలు పైపులన్నీ వెతికాక, ఆ రింగు గాడిలో అడ్డంగా పడి ఉన్న ఒక్క వెంట్రుక కనిపించింది. గాడి తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు రాసి బిగించగానే బుడగలు ఆగిపోయాయి. పెట్రోలియం జెల్లీ మాత్రం రాయకండి, చాలా రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

రెండో అనుమానం పంపు ముఖద్వారం దగ్గరి మర జాయింటు. టెఫ్లాన్ టేపు చుట్టి, చేతితో బిగిసినంత బిగించి, పానాతో ఇంకొక్క చుట్టు తిప్పితే చాలు. అంతకు మించి బలం పెడితే ప్లాస్టిక్ మర పగులుతుంది. ఆ పగులు కంటికి కనిపించదు, గాలి మాత్రం దాన్ని వెతుక్కుని వస్తుంది.

పైపు విషయంలో నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను: వీలైతే రెండు అంగుళాలకు మారండి. పీల్చే పైపులో నీటి వేగం సెకనుకు 1.8 మీటర్లు దాటకూడదనేది పాటించదగ్గ లెక్క. ఆ వేగంలో ఒకటిన్నర అంగుళాల పైపు నిమిషానికి దాదాపు 140 లీటర్లే ఇస్తుంది, రెండు అంగుళాలది 230 దాకా ఇస్తుంది. ప్రవాహం అంతే ఉంటే రాపిడి నష్టం మూడో వంతు కన్నా తగ్గుతుంది. లాగుడు తగ్గితే గాలి చొరబాటూ తగ్గుతుంది. పంపు ముందు కనీసం ఒక అడుగు పైపు తిన్నగా ఉండాలి, అక్కడే ఎల్బో (వంపు ముక్క) పెడితే నీరు సుళ్లు తిరుగుతూ ప్రవేశించి పంపు గరగరలాడుతుంది. దారిలో ఎక్కడా పైపు పైకి లేచి దిగకూడదు, ఆ మూపురంలో గాలి నిలుస్తుంది. కొలను నిండేకొద్దీ గోడ కొద్దిగా బయటకు జరుగుతుంది కాబట్టి, స్కిమ్మర్ దగ్గర ఒక ముక్క వంగే పీవీసీ పైపు వేయండి. గట్టి పైపును బిగించి కట్టేస్తే ఆ లాగుడంతా స్కిమ్మర్ జాయింటు మీదే పడుతుంది.

ప్రశ్న: కొలను అడుగున కూడా పీల్చే రంధ్రం పెట్టించమంటున్నారు. అవసరమా?

జవాబు: వద్దు. ఒక్కటే రంధ్రం ఉంటే దాని మీద పిల్లల శరీరమో జుట్టో చిక్కుకుంటే పెద్దవాళ్లు లాగినా రాదు, అలా ప్రాణాలు పోయాయి. ఇప్పటికే ఉంటే, దూరంగా రెండో రంధ్రం పెట్టి రెండింటినీ ఒకే పైపుకు కలపండి. చిక్కుకోకుండా ఆపే మూతలు రెండింటికీ ఉండాలి, ఒకదాన్ని విడిగా మూసే వాల్వు ఉండకూడదు. స్కిమ్మర్‌తోనే నడిచే కొలనుకు ఇంకో లాభం ఉంది. పైపు తెగినా నీరు స్కిమ్మర్, తిరుగు ద్వారాల మట్టం దాకే పోతుంది.

ప్రశ్న: ఫోనుతో నడిచే వాల్వు మోటారు కొనవచ్చా?

జవాబు: రెండు దారుల మధ్య నీటిని మళ్లించే మూడు మూతుల వాల్వుకైతే కొనండి. పీల్చే పైపును పూర్తిగా కట్టేసే వాల్వుకు వద్దు, యాప్ పొరపాటున మూస్తే పంపు పోతుంది. ఆ డబ్బు వేగం మార్చుకునే పంపు మీద పెట్టడం మేలు. సగం వేగంలో నీరు సగమే కదిలినా, విద్యుత్తు సిద్ధాంతపరంగా ఎనిమిదో వంతే పడుతుంది. రెట్టింపు గంటలు నడిపినా నాలుగో వంతు ఖర్చుతో అంతే నీరు తిరుగుతుంది. కనెక్షన్‌కు మాత్రం 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే కట్ అయ్యే భద్రతా స్విచ్ తప్పనిసరి, ఆ పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.