యువ రచయితకు లేఖ: తీర్పు చదివాక ఉత్తర్వు కూడా చదువు

అమ్మా,

అమెరికా కోర్టుల మీద, నల్లజాతివారి పౌరహక్కుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆపకుండా చదివించింది. చిక్కల్లా ఒకటే, అందులో సుప్రీంకోర్టు పురాణాల్లో దేవుడిలా ప్రత్యక్షమై వరమిచ్చి మాయమైంది. నల్లవారిని వేరుగా ఉంచడం చెల్లుతుందని 1896లో తప్పు చేసింది, చెల్లదని 1954లో దిద్దుకుంది, కథ కంచికి. అలా జరగలేదు.

ఏ తీర్పు గురించి రాసినా ముందు నాలుగు సంగతులు తేల్చుకో. దావా ఎవరు వేశారు, ఎవరి మీద వేశారు, కోర్టు కచ్చితంగా ఏం చేయమంది, ఎప్పటిలోగా చేయమంది. నీ వ్యాసంలో మొదటి రెండూ అక్కడక్కడా తప్పు, మిగతా రెండూ లేవు.

1896 నాటి ప్లెస్సీ వర్సెస్ ఫెర్గూసన్ కేసునే తీసుకో. ఫెర్గూసన్‌ను రైలు కంపెనీ మనిషి అన్నావు. ఆయన న్యూ ఆర్లీన్స్ జడ్జి. ప్లెస్సీ మీద పెట్టిన క్రిమినల్ కేసు ఆయన ముందు నడుస్తుంటే, దాన్ని ఆపమని పై కోర్టుకు వెళ్లారు కాబట్టి ఆయన ప్రతివాది అయ్యాడు. ప్లెస్సీ కూడా అనుకోకుండా తెల్లవారి బోగీ ఎక్కలేదు. రైళ్లలో నల్లవారికీ తెల్లవారికీ వేరువేరు బోగీలుండాలన్న 1890 నాటి లూసియానా చట్టాన్ని కోర్టుకీడ్వడానికే పౌరుల సంఘం ఒకటి 1892 జూన్ 7న ఆయన అరెస్టయ్యేలా ఏర్పాటు చేసింది. అదనపు బోగీల ఖర్చు గిట్టని రైలు కంపెనీ అందుకు సహకరించింది. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 7–1తో తీర్పిచ్చింది. తొమ్మిదో జడ్జి బ్రూవర్ పాల్గొనలేదు. చివరికి ప్లెస్సీ కట్టిన జరిమానా 25 డాలర్లు. ఈ అంకె వేస్తే నీ రెండు పేరాల ఆవేశం అక్కర్లేదు.

ఆ కేసులో ఒంటరిగా అసమ్మతి తీర్పు రాసిన హార్లాన్‌ను మహాత్ముణ్ణి చేశావు. ఆయన రాసింది గొప్ప తీర్పే. కానీ మూడేళ్లకు, 1899లో, జార్జియాలోని ఒక కౌంటీ నల్లపిల్లల హైస్కూలు మూసేసి తెల్లపిల్లలది నడుపుకుంటుంటే, తప్పు లేదని ఏకగ్రీవ తీర్పు రాసిందీ ఆయనే. రెండూ పక్కపక్కన పెట్టు. వ్యాఖ్య రాయకు.

ఇక బ్రౌన్ కేసు. బడుల్లో నల్లపిల్లలను వేరుగా ఉంచడం మీద వేసిన ఐదు కేసులను కలిపి విన్నారు. 1954 మే 17న 9–0తో వచ్చిన తీర్పులో ఏ పిల్లనూ ఏ బడిలోనూ చేర్చుకోమన్న ఉత్తర్వు లేదు. ప్రభుత్వ బడుల్లో పిల్లలను జాతిని బట్టి విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పి, ఏం చేయాలన్నది మళ్లీ వాదనలకు పెట్టారు. ఏడాది తర్వాత 1955 మే 31న వచ్చిన రెండో తీర్పు ఆ పనిని కింది ఫెడరల్ కోర్టులకు అప్పగిస్తూ ‘ఆల్ డెలిబరేట్ స్పీడ్’ అంది. తెలుగులో ‘నింపాదిగా తొందరపడండి’ అనాలి. గడువు తేదీ లేదు. దక్షిణాది స్కూల్ బోర్డులు ‘తొందర’ను వదిలేసి ‘నింపాది’ని పట్టుకున్నాయి. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలు వేసి ఐదేళ్లు తెరవలేదు. బ్రౌన్‌లోని ఐదు కేసుల్లో ఒకటి పుట్టిన కౌంటీ అదే. 1963–64 నాటికి పదకొండు దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఇద్దరు కూడా లేరు. కదలిక వచ్చింది 1964 పౌరహక్కుల చట్టం తర్వాత, వివక్ష చూపే బడికి ఫెడరల్ నిధులు ఆగిపోతాయన్న భయంతో. నీ వ్యాసం నిలబడాల్సింది ఈ పదేళ్ల మీద. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

మరో దిద్దుబాటు. ఐదు కేసులకూ ఒకే తీర్పు కాదు. నాలుగింటికి ఒకటి, రాజధాని వాషింగ్టన్ కేసుకు అదే రోజు వేరొకటి. అమెరికా రాజ్యాంగం 14వ సవరణలోని సమాన రక్షణ రాష్ట్రాలను కట్టడి చేస్తుంది. రాజధాని రాష్ట్రం కాదు కాబట్టి, ఫెడరల్ ప్రభుత్వాన్ని కట్టడి చేసే ఐదో సవరణను ఆశ్రయించారు.

మాంట్‌గోమరీ బస్సుల కేసు, తెల్లవారికి సీటు ఇవ్వనని అరెస్టయిన రోజా పార్క్స్ వేసిందని రాశావు. ఆ కేసు బ్రౌడర్ వర్సెస్ గేల్, వాదుల్లో ఆమె పేరు లేదు. ఆమె కేసు రాష్ట్ర కోర్టుల్లో నడుస్తోంది. బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదన్న బ్రౌడర్ తీర్పును సుప్రీంకోర్టు 1956 నవంబరు 13న ఖరారు చేసినా, ఉత్తర్వు కాగితం ఊరు చేరింది డిసెంబరు 20న. అప్పటిదాకా బస్సులను బహిష్కరించిన నల్లజనం నడుస్తూనే ఉన్నారు. ఆ ఐదు వారాల మీద ఒక పేరా రాయి.

మాటల సంగతి. ‘వేర్పాటు’ అంటే మన పాఠకుడికి ప్రత్యేక రాష్ట్ర గొడవలు తోస్తాయి. ‘వివక్ష’ మరీ వదులు. ‘జాతి ప్రాతిపదికన వేరుచేయడం’ అని ఒకసారి విడమరిచి, ఆపైన ‘సెగ్రిగేషన్’ అనే వాడు. రెండు గ్లాసుల పద్ధతితో పోల్చావు, బాగుంది. కానీ మన దగ్గర అది రాజ్యాంగం నిషేధించాక కూడా సాగిన ఆచారం, అక్కడ శాసనసభ చేసిన చట్టం. ఆ తేడా చెప్పకపోతే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. ‘కోర్టు కొట్టేసింది’ అనేదీ ప్రమాదమే. చట్టాన్నా, పిటిషన్‌నా? రెండింటికీ అదే మాట వాడతాం, అర్థం తలకిందులవుతుంది.

తీర్పు పైన ఉండే సారాంశాన్ని కొటేషన్‌గా వాడకు. అది తీర్పులను ప్రచురించే కోర్టు ఉద్యోగి (రిపోర్టర్) రాసింది, కోర్టు మాట కాదు.

వ్యాసాన్ని 1954తో ముగించకు. డెట్రాయిట్ కేసు, మిలికెన్ వర్సెస్ బ్రాడ్లీ, 1974 దాకా తీసుకురా. బడుల్లో పిల్లలను వేరుచేసి నగరం చేసిన తప్పును దిద్దడానికి, తప్పు రుజువు కాని శివారు స్కూల్ డిస్ట్రిక్టులను కలపకూడదని 5–4తో తేల్చారు. తెల్లవారు ఎక్కువగా ఉన్నది ఆ శివార్లలోనే. ఇది రాసేటప్పుడు స్కూల్ డిస్ట్రిక్టుల హద్దులు గీసి ఒక పటం ముందు పెట్టుకో. తిరగరాసి పంపేటప్పుడు ఆ నాలుగు సంగతులూ ప్రతి తీర్పు పక్కన పెన్సిల్‌తో రాసి పంపు.

ఆశీస్సులతో