కృత్రిమ కాలు వదులైంది.. ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా ఆయనకు 48 ఏళ్లు, టైలరు. షుగరు వల్ల పుండు మానక పది నెలల కిందట ఎడమ కాలు మోకాలి దిగువన తీసేశారు. ఏడు నెలల కిందట విశాఖలో 1,40,000 పెట్టి కాలు వేయించాం. ఇప్పుడది వదులైపోయింది. సాయంత్రానికి ఐదు ప్లై (మందం కొలత) సాక్సులు రెండు, ఒక ప్లైది ఒకటి వేసినా లోపల కొట్టుకుంటోంది. మిగిలిన కాలు లోపలికి దిగే గిన్నెలాంటి సాకెట్ ఒక్కటీ మారిస్తే 45,000, కాలికి వేసే మెత్తటి తొడుగు, అదే లైనర్, 18,000 అన్నారు. ఇంకోచోట కార్బన్ పాదంతో కొత్త కాలే తీసుకోమంటున్నారు, 2,80,000. మాకున్నది 2,40,000 ఎఫ్‌డీ, ఇంకో రెండు నెలల్లో మెచ్యూరవుతుంది. లక్ష రూపాయల చీటీ ఉంది, ఇరవై నెలలది, నెలకు 5,000 చొప్పున ఎనిమిది కట్టాం. పాట 22,000 దాకా వెళ్తోంది. కుట్టుపని మీద పది పన్నెండు వేలు, పింఛను 6,000 వస్తాయి. ఎఫ్‌డీ తీసేసి, చీటీ పాడేసి కొత్త కాలు కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. సాకెట్, లైనర్ మాత్రం మార్పించండి. అది మాత్రం వాయిదా వేయకండి.

మోసపోయామేమో అన్న అనుమానం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. మొదటి సాకెట్ ఏడాది తిరక్కుండా వదులవడం మామూలే. ఆపరేషన్ తర్వాత వాపు తీస్తుంది, వాడకం లేని కండ తగ్గుతుంది. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఈ మార్పు ఎక్కువ. ఆకారం ఒక నిలకడకు రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అంటే ఇప్పుడు చేయించే సాకెట్ కూడా ఆఖరిది కాకపోవచ్చు. మరో ఏడాదికి ఇంకొకటి పడుతుందనే లెక్కలోనే డబ్బు సర్దుకోవాలి. ఉన్నదంతా ఒకేసారి పెట్టేస్తే అప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

మీ కాలు విడిభాగాలుగా విప్పడానికి వీలైనదేనా అని అడగండి. పైన సాకెట్, దాని అడుగున లాక్, తర్వాత గొట్టం, చివర పాదం ఉండే రకమైతే ఏడు నెలలు వాడిన గొట్టం, పాదం కొత్త సాకెట్‌కు బిగించుకోవచ్చు. లాక్ కూడా పనికొస్తుందేమో చూపించండి. బిల్లులో ఒక్కో భాగానికి విడిగా ధర రాయించుకోండి. కార్బన్ పాదం మంచిదే, కాకపోతే దాన్ని మనిషి బరువును, నడక తీరును బట్టి ఎంచుతారు. ఆయన బరువు, నడక ఇంకా కుదురుకోలేదు. పైగా వదులు సాకెట్ కింద ఎంత ఖరీదైన పాదం పెట్టినా ఉపయోగం లేదు.

సాక్సులతో నెట్టుకొద్దామా అంటే, మీరు చెప్పిన లెక్క 11 ప్లై. పది దాటిందంటే సాధారణంగా సాకెట్ మార్చే సమయం వచ్చినట్టే. సాక్సు చుట్టూ ఒకే మందంతో నింపుతుంది. కాలు మాత్రం అన్నివైపులా ఒకేలా తగ్గదు, కండ ఉన్నచోట తగ్గుతుంది, ఎముక ఉన్నచోట తగ్గదు. అందుకే సాక్సులు పెంచేకొద్దీ ఎముకల మీద ఒత్తిడి పడుతుంది. వదులు కొద్దిగా ఉన్నప్పుడైతే సాకెట్ లోపల ప్యాడ్లు అతికించి సరిచేస్తారు, ఖర్చు తక్కువ. మీరు ఆ దశ దాటేశారు.

కొత్త సాకెట్ వచ్చేదాకా ఆయన్ను ఒకటి గమనించమనండి. లైనర్ కొసన పిన్ను ఉండే రకమైతే కాలు సాకెట్‌లోకి దిగేటప్పుడు లాక్‌లో టిక్ టిక్ మని చప్పుళ్లు వస్తాయి. పొద్దున మూడు వచ్చి, మధ్యాహ్నం మళ్లీ వేసుకున్నప్పుడు ఆరు వస్తే కాలు లోతుగా దిగిపోతున్నట్టు. అప్పుడు ఒక ప్లై కలపాలి. మోకాలి చిప్ప అడుగు అంచున ఒత్తుకున్నా, కాలి కొస అడుగుకు తగిలినా అదే అర్థం. ఎక్కడానికే కష్టమై పిన్ను అందకపోతే ఒకటి తీసేయాలి. పిన్ను లైనర్‌కు సాక్సు పైనుంచి వేయాలి, చివర రంధ్రంలోంచి పిన్ను పూర్తిగా బయటికి రావాలి. సాక్సు అంచు లాక్‌లో ఇరుక్కుంటే కాలు ఊడిరాదు.

షుగరుతో స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి నొప్పి లేదని ఊరుకోకూడదు. రాత్రి కాలు తీశాక అద్దం పెట్టి చూడాలి. చిప్ప కింద ఎరుపు వచ్చి పది పదిహేను నిమిషాల్లో పోతే ఫర్వాలేదు. ముందు ఎముక గట్టు మీదో, మోకాలి పక్కన బయటివైపు బుడిపె మీదో ఎరుపు పోకుండా ఉంటే మర్నాడు కాలు వేయకుండా వెళ్లి చూపించాలి. పుండు పడితే మూడు నాలుగు వారాలు కాలు వేసుకోవడానికి ఉండదు, ఆ మేరకు కుట్టుపని రాబడి పోతుంది. ఆలోగా కాలు మళ్లీ వాచి కొలతలు మారతాయి. వాయిదా వద్దన్నది అందుకే.

కొలతకు వెళ్లేముందు వరుస ముఖ్యం. అచ్చు లైనర్ మీదుగా తీస్తారు. కాలు సన్నబడితే లైనర్ సైజూ మారొచ్చు. కాబట్టి ముందు లైనర్ సైజు తేల్చుకుని, కొత్తది వేసుకునే అచ్చు ఇవ్వాలి. అంతకుముందు కొన్ని వారాలు కాలు విప్పి ఉన్నంతసేపూ, రాత్రిళ్లు కూడా, మిగిలిన కాలికి వాపు రాకుండా బిగుతుగా ఉండే ష్రింకర్ సాక్సు తొడగండి. నాలుగు రోజులు కాలు వేయకుండా ఉండి వాపుతో వెళ్తే కొత్త సాకెట్టూ నెలలో వదులవుతుంది. ఎండుచేప, ఆవకాయ జోరుగా తిన్న మర్నాడూ అంతే, ఉప్పుకు నీరు పడుతుంది. (కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు డయాలిసిస్‌లో ఉన్నవారికి ఈ తేడా ఇంకా ఎక్కువ. ఏ రోజు అచ్చు తీయాలో డాక్టరునీ, సాకెట్ చేసేవారినీ కలిపి అడగాలి.) ముందుగా పారదర్శకమైన ట్రయల్ సాకెట్‌తో నడిపించి చూడమనండి. ఎన్ని నెలలు ఉచితంగా సర్దుబాటు చేస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇక డబ్బు. ఇప్పుడు కావలసింది 63,000. ఎఫ్‌డీ విరగ్గొట్టకండి, వడ్డీలో కోత పడుతుంది. దాని మీదే లోన్ తీసుకోండి. 8 శాతం అనుకుంటే రెండు నెలలకు 840 రూపాయలు. మెచ్యూరయ్యాక లోన్ తీరగా మిగిలే 1,77,000ను ఒకే ముక్కగా పెట్టొద్దు. 40,000 చొప్పున మూడు ఎఫ్‌డీలు, తక్కిన 57,000 వెంటనే తీసుకునేలా ఉంచండి. అవసరమైతే ఒకటే కదుపుతారు.

చీటీ ఇప్పుడు పాడితే చేతికి 78,000 వస్తుంది. పాట లేకుండా చివరిదాకా ఆగితే ఆ 22,000లో చీటీ కమీషను పోగా మిగిలింది మీ దగ్గరే ఉంటుంది. ఇంకో పన్నెండు నెలలకు చీటీ ముగుస్తుంది, రెండో సాకెట్ అవసరం కూడా ఆ రోజులకే వస్తుంది. ఆ డబ్బు దానికే ఉంచండి. రిజిస్టరైన చీటీయో కాదో కనుక్కోండి. కాకపోతే మరొకటి కట్టొద్దు.

ఆకారం కుదిరాక సాకెట్ సుమారు మూడేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 15,000. లైనర్ ఏటా 18,000. సాక్సులు, ష్రింకర్‌కు 4,000, పాదం మార్పు కోసం 6,000, విశాఖ రాకపోకలకు మరో 6,000. మొత్తం 49,000, అంటే నెలకు సుమారు 4,100. చీటీ నడిచినన్నాళ్లూ పింఛనులోంచి 2,000, తర్వాత 4,000 బ్యాంకు ఆర్‌డీలో వేయండి, పన్నెండు నెలలదే. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, మూడేళ్లలోపు మూయడానికి వీల్లేదు, ఈ పనికి సరిపడదు. లైనర్‌ను రోజూ మృదువైన సబ్బుతో కడిగి నీడలో ఆరబెడితే ఎక్కువ కాలం వస్తుంది. ఎండలో వేస్తే పాడవుతుంది.

విడి కాలు కూడా ఉంటే మంచిది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలో నెల ఆదాయం 22,500 దాటని వారికి సహాయ పరికరం ఖర్చు పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుంది, 30,000 దాకా ఆదాయమైతే సగం. మీ ఆదాయం మొదటి పరిమితిలోనే ఉంది. ఒకసారి తీసుకుంటే మూడేళ్ల వరకు అదే సాయం మళ్లీ రాదు కాబట్టి ఇప్పుడే తొందరపడకండి. రెండో సాకెట్ అయ్యి కాలు నిలకడకొచ్చాక ఆ కొలతతో అడగండి. ఈలోగా యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసుకుని, విజయనగరంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో క్యాంపు తేదీలు కనుక్కుంటూ ఉండండి.