పాఠకుల ప్రశ్నలు: గప్పీ చేప పిల్లలు ఎందుకు దక్కడం లేదు?

ప్రశ్న: మొక్కలు నాటిన రెండడుగుల ట్యాంకులో 2 మగ, 5 ఆడ గప్పీలున్నాయి. కడుపుతో ఉన్నవాటిని బ్రీడింగ్ బాక్సులో (కాన్పు కోసం ట్యాంకులో పెట్టే చిన్న డబ్బా) వేస్తే చచ్చిపోతున్నాయి. ట్యాంకులోనే వదిలేస్తే పుట్టిన పిల్లల్ని తినేస్తున్నాయి. — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మగ, ఆడ లెక్క బాగానే ఉంది. ముందు ఆ బాక్సు తీసేయండి. ఇరుకులో రోజుల తరబడి ఉంచితే బెదురుకు కాన్పు ఆలస్యమవుతుంది, తల్లి ప్రాణానికే ముప్పు. మొక్కలున్నాయన్నారు గానీ ఏ మొక్కలో రాయలేదు. కింద అనూబియాస్, జావా ఫెర్న్ ఎంత నాటినా పిల్లలకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ ఆకుల సందుల్లోకి తల్లి కూడా దూరుతుంది. పుట్టిన పిల్లలు ఎక్కువగా నీటి పైభాగానికి చేరతాయి. కాబట్టి దాపు అక్కడ కావాలి. వాటర్ స్ప్రైట్, హార్న్‌వర్ట్, గప్పీ గ్రాస్ లాంటివి పైన సగం దాకా తేలనివ్వండి, ఒక మూల జావా మాస్ గుబురుగా పెంచండి. పొట్ట చదరంగా మారి, పొట్ట వెనక భాగంలోని మచ్చ బాగా నల్లబడి, చేప ఒంటరిగా మూలన నిలబడిందంటే కాన్పు దగ్గరపడ్డట్టే. ఆ రెండు రోజులూ పెద్ద చేపలకు కడుపునిండా మేత వేయండి. కొన్ని పిల్లలు ఎలాగూ పోతాయి, పోనివ్వండి. ప్రతి తల్లీ నెలకోసారి పెట్టే పిల్లలన్నీ బతికితే మీ ట్యాంకు చాలదు.

ప్రశ్న: పిల్లలకు ఉడికించిన గుడ్డు పచ్చసొన వేస్తున్నాను. నీళ్లు తేటగానే ఉన్నా వారంలో సగం చనిపోయాయి. — ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: అమోనియాకు రంగుండదు, తేటనీళ్లను నమ్మలేం. టెస్ట్ కిట్‌తో చూడండి: అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పచ్చసొన తిన్నంత తినగా మిగిలింది మొక్కల మొదళ్లలో చేరి కుళ్లి, అమోనియా పుట్టిస్తుంది. దాన్ని మానేసి ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న పురుగు) గుడ్లు పొదిగించుకోండి.

లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, మూత బిగించి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీటిలో 25 గ్రాముల కల్లుప్పు కరిగించి, అర టీస్పూను ఆర్టీమియా గుడ్లు వేయండి. ఎయిర్ పంపు గొట్టం మూత దాకా దించి బుడగలు బాగా రానివ్వండి. పైన లైటుండాలి. నీళ్లు 26–28 డిగ్రీలుంటే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలాగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పురుగులు అడుగున చేరతాయి. సన్నగొట్టంతో అడుగువాటినే లాగి, పలుచని గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. పెంకులు కలవనివ్వద్దు, పిల్లల పేగుల్లో అడ్డం పడతాయి. కాసేపటికి లెన్సుతో చూస్తే పిల్లల పొట్టలు నారింజరంగులో ఉబ్బి ఉండాలి. లేకపోతే మేత అందలేదన్నమాట. రోజుకు మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెంగా. ఆర్టీమియా లేని పూట ఫ్లేక్ మేతను వేళ్లతో పిండిలా నలిపి చల్లండి.

ఫిల్టరు స్పాంజ్ రకమే వాడండి, మిగతావి పిల్లల్ని లాగేస్తాయి. వారానికి రెండుసార్లు పావువంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు కలిపాకే పోయండి.

ప్రశ్న: ఆర్‌వో నీళ్లలో గప్పీలు రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఊగుతున్నాయి. — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు. గప్పీలకు ఖనిజాలెక్కువగా ఉన్న గట్టినీళ్లే పడతాయి, పీహెచ్ 7–8 మధ్య చాలు. ఉప్పగా లేని బోరునీళ్లు రోజుకు పదోవంతు చొప్పున కలుపుతూ మార్చేయండి. ఒక్కసారిగా మారిస్తే ఇంకా దెబ్బతింటాయి.

ప్రశ్న: మగచేపల్ని తీసేసి రెండు నెలలైంది. అయినా పిల్లలు పుట్టాయి. — ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మామూలే. ఆడ గప్పీ ఒకసారి జతకడితే మగచేప బీజాన్ని నెలల తరబడి దాచుకుని మళ్లీ మళ్లీ పిల్లలు పెడుతుంది. ఒకే రంగు వరస నిలబెట్టాలంటే ఇంకా జతకట్టని ఆడచేపలే (కన్యచేపలు) కావాలి. మూడో వారం నుంచి పిల్లల్ని రోజూ గమనించండి. పొట్టకింది రెక్క విసనకర్రలా కాకుండా సన్నగా, పుల్లలా సాగుతున్నవి మగవి. వాటిని వెంటనే వేరు చేయండి.